నూట నలభై ఏడో స్లైడు

"కాలర్ దగ్గర ఇంకో రెండుసార్లు రుద్దు. స్టేజీ మీద లైట్లు పడితే ముడతలన్నీ బయటపడతాయి," అన్నాడు భర్త, చేతిలో కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

ఆదివారం మధ్యాహ్నం. ఇస్త్రీ బల్ల మీద నాలుగు తెల్ల చొక్కాలు. ఆమె రెండుసార్లు కాదు, నాలుగుసార్లు రుద్దింది. గురువారం ఆయన విమానం ఎక్కుతాడు. పెద్ద పెద్ద డాక్టర్లు కూర్చునే సభలో నిలబడి పన్నెండు నిమిషాలు మాట్లాడతాడు. ముదిరిన కిడ్నీ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో ఇమ్యునోథెరపీ ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో మందు మొదలుపెట్టకముందే చెప్పొచ్చని మాట్లాడతాడు. కాలర్ ముడత ఎవరికైనా కనిపిస్తుందేమో గానీ, ఆ పన్నెండు నిమిషాల్లో మొదట పెట్టే నమస్కారమూ చివర చెప్పే ధన్యవాదాలూ తప్ప ఆయన సొంతమైనది ఒక్క ముక్క కూడా లేదని మాత్రం ఎంత లైటు వేసినా ఎవరికీ కనిపించదు. ఆ మాట మనసులో అనుకుని ఆమె చొక్కా తిరగేసింది. మనసులో అనుకోవడంలో పన్నెండేళ్ళుగా ఆమె చేయి బాగా తిరిగింది.

ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి. ఆయన రెండో అంతస్తులో క్యాన్సర్ డాక్టరు. గదిలోకి వస్తే నర్సులు లేచి నిలబడతారు. ఆమె కింద, బట్టలుతికే గది పక్కనున్న ల్యాబ్‌లో స్లైడ్లు చదివే డాక్టరు. ఆపరేషన్‌లో తీసిన గడ్డని మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజుపలక మీద అంటించి, రంగు వేసి ఇస్తే దాన్ని మైక్రోస్కోప్ కింద చూసి అది ఏమిటో చెప్పడం ఆమె పని. ఆమె చెప్పకపోతే పై అంతస్తులో ఏ మందూ కదలదు. అయినా అత్తగారి లెక్కలో అది ఉద్యోగం కాదు. "నీకేమ్మా, చల్లటి గదిలో కూర్చుని గొట్టంలోకి చూడ్డమేగా. పొద్దున్న లేస్తే మనుషుల ప్రాణాలతో వ్యవహారం వాడిది," అంటుంది. ఆరేళ్ళ కింద ఆవిడ స్నానాల గదిలో జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమె సగం రోజు ఉద్యోగానికి మారింది. తుంటి నాలుగు నెలల్లో అతుక్కుంది గానీ, సగం రోజు ఉద్యోగం సగం దగ్గరే ఉండిపోయింది.

ఆ సగం రోజుల్లోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. కిడ్నీ గడ్డల్లోకి ఒంటి రక్షణ కణాలు చేరుతూనే ఉంటాయి. కొన్ని స్లైడ్లలో ఎక్కడ చూసినా అవే. చేరాయి కదా, ఇక ఈ మనిషికి మందు పనిచేస్తుందని పై అంతస్తు వాళ్ళు సంబరపడేవారు. చాలామందికి పనిచేసేది కాదు. ఎందుకంటే చేరిన కణాలన్నీ పోరాడవు. గడ్డ వాటి భుజం మీద చెయ్యి వేసి, నీకెందుకు, కూర్చో అంటుంది. అవి కూర్చుంటాయి. ఇమ్యునోథెరపీ మందు కొత్త బలమేమీ ఇవ్వదు, భుజం మీది ఆ చేతిని తీసేస్తుంది, అంతే. అయితే ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని అలసిపోయిన కణం చెయ్యి తీసినా లేవలేదు. ఇది మొదటిసారి పుస్తకంలో చదివినప్పుడు ఆమె పుస్తకం మూసేసి కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత స్లైడ్లలో వెతకడం మొదలుపెట్టింది. లేవగలిగిన కణాలు ఒంటరిగా ఉండవని, వాటిని రెచ్చగొట్టే వేరే కణాలతో కలిసి చిన్న చిన్న గుంపులుగా ఉంటున్నాయని ఆమెకు అనిపించింది. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎలా కూడుకున్నాయన్నది లెక్క. ఆ గుంపులకి ఆమె పెట్టుకున్న పేరు గూళ్ళు.

"గూళ్ళా?" అని నవ్వాడు భర్త మొదటిసారి విన్నప్పుడు. "ఇదేమన్నా పిచ్చుకల మీద పరిశోధనా?" 

రెండేళ్ళు తిరిగేసరికి ఆయన పరిశోధన పేపర్ మీద ఆ లెక్క పేరు 'నెస్ట్ స్కోరు'. గూడు నెస్ట్ అయింది, ఆమె ఆయన అయింది.

పద్ధతి ఏమిటంటే, ప్రతి స్లైడుకీ గూళ్ళని బట్టి సున్నా నుంచి మూడు దాకా స్కోరు వేయాలి. స్లైడు మీద రోగి పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఇద్దరు రీడర్లు, ఒకరి స్కోరు ఒకరు చూడకుండా, విడివిడిగా వేయాలి. ఒకరు పొరబడితే రెండోవారి దగ్గర అది దొరికిపోతుందని ఈ ఏర్పాటు. మొదటి రీడర్ ఆమె. రెండో రీడర్‌గా బయటి ల్యాబ్ నుంచి ఎవరినైనా పిలుద్దామంటే, "బయటివాళ్ళెందుకు, నేను ఆరు వారాలు ట్రైనింగ్ తీసుకున్నాగా," అన్నాడాయన. ఆ ట్రైనింగ్ ఇచ్చింది ఆమే. ల్యాబ్‌లో రెండు తలల మైక్రోస్కోప్ ఒకటుంది, ఒకే స్లైడుని ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు చూడొచ్చు. ఆమె ఈ పక్క నుంచి ఇదిగో గూడు, ఇదిగో గూడు కాదు అని చూపించేది. మూడో స్లైడుకల్లా అటుపక్క కన్ను ఉండేది కాదు, బల్ల కింద ఫోన్ వెలుగు ఉండేది.

రెండు వందల అరవై స్లైడ్లు. ట్రేకి ఇరవై చొప్పున పదమూడు ట్రేలు. మొదటి ఏడు ట్రేలు పాత రోగులవి, మందు ఎవరికి పనిచేసిందో ముందే తెలిసినవాళ్ళవి. తర్వాతి ఆరు ట్రేలు కొత్తవాళ్ళవి. వాళ్ళ స్కోరు ముందే రాసిపెట్టి, అందరికీ మామూలుగానే మందు ఇచ్చి, స్కోరు నిజమవుతుందో లేదో ఆగి చూడాలి. ఆగి చూసే ఓపిక ఆయనకి ఎక్కడిది? గూళ్ళు తక్కువున్నవాళ్ళకి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు దండగన్నాడు, మాత్రలు చాలన్నాడు. క్యాన్సర్ కమిటీలో ఆయన మాటకి ఎదురు లేదు. ఆమె మూడు నెలలపాటు రోజూ డ్యూటీకి రెండు గంటల ముందే వచ్చి రెండు వందల అరవై స్లైడ్లూ చదివింది. ఆయన ఎప్పుడు చదివాడో ఎవరూ చూడలేదు. కానీ ఆయన పట్టిక కూడా వచ్చేసింది. రెండు పట్టికలూ పోల్చి చూసిన లెక్కలాయన, అంటే పరిశోధనల గణాంకాలు చూసే ఉద్యోగి, తెగ ముచ్చటపడిపోయాడు. "ఇద్దరు రీడర్ల మధ్య ఇంత పొంతన నా సర్వీసులో చూడలేదు మేడమ్. ఆదర్శ దంపతులంటే మీరే," అన్నాడు.

ఆదర్శ దంపతుల్లో ఒకరి పేరు పేపర్ మీద మొదట ఉంది. రెండోవారి పేరు లేదు. లోపల ఒకచోట 'మొదటి రీడర్' అని ఉంది. చివరి పేరాలో 'ఓర్పుతో సహకరించిన నా భార్యకు' అని ఉంది. అడిగితే, "ఇద్దరు రీడర్లూ మొగుడూ పెళ్ళామని తెలిస్తే ఎవడు నమ్ముతాడు? నా కోసం కాదు, పేపర్ కోసం చెబుతున్నా. అయినా మనిద్దరికీ వేరే పేర్లేమిటి?" అన్నాడు. ఆమె సరే అంది. ఎందుకు సరే అందో ఇప్పుడు ఇస్త్రీ చేస్తూ ఎంత వెతుక్కున్నా ఆమెకి దొరకలేదు. అనడం అలవాటై అంది, అంతే. తలుచుకుంటే ఆయన మీద కన్నా తన మీదే ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున్న ల్యాబ్ కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయినట్టుంది. కిడ్నీ తీసేశారు, జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. ఇంకో ఆసుపత్రిలో చూపించుకుంటాను, నా గడ్డ ముక్క ఇవ్వండి అని అడగడానికి వచ్చింది. చీటీ ఇవ్వడానికి చెయ్యి చాపితే ఆమెకి ఆ అరచెయ్యి కనిపించింది. బొబ్బలు చిట్లి, తోలు లేచిపోయి, కింద ఎర్రగా ఉంది.

"మాత్రల వల్లటమ్మా," అంది టైలరమ్మ. "కాళ్ళూ ఇంతే. కత్తెర పట్టుకుంటే బట్టకి రక్తం అంటుకుంటోంది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నా, నా చేతి బట్ట మీద ఒక్క మరక పడి ఎరగదు. పెద్ద డాక్టరుగారిని అడిగా, ఆ ఎక్కించే మందు నాకూ ఇవ్వండి బాబూ అని. నీకు అది పనిచేయదని తేలిపోయిందన్నారు. ఎవరు తేల్చారండీ అంటే స్కోరు అన్నారు. స్కోరుకి కళ్ళుంటాయా అమ్మా చూసి చెప్పడానికి? ఎవరో ఒక మనిషి చూసి చెప్పుంటారుగా. ఆ మనిషి పేరు కావాలి నాకు."

"పేరెందుకమ్మా?"

"కనీసం తిట్టుకోవడానికైనా ఒక పేరుండాలిగా."

ఆమె ఒక్క క్షణం తడబడింది. "అది కమిటీ నిర్ణయమమ్మా. ఒక్కరు చెప్పేది కాదు. గురువారం రండి, ముక్క కోసి ఉంచుతాం," అంది. టైలరమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "కమిటీకి మాత్రం కళ్ళుంటాయా?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆ గడ్డలోంచి కొత్తగా కోసిన ముక్కని, బయటికి పంపేముందు ఒకసారి చూద్దామని ఆమె మైక్రోస్కోప్ కింద పెట్టింది. పెట్టాక చాలాసేపు తల ఎత్తలేదు. ఎక్కడ చూసినా గూళ్ళు. అంచున గూళ్ళు, లోపల గూళ్ళు. కళ్ళు మూసుకుని వేసినా మూడు వేయాల్సిన స్లైడు అది. ఫైలు తెప్పించి చూసింది. కమిటీ చీటీ మీద భర్త చేతిరాతలో ఉంది: స్కోరు ఒకటి, ఇంజెక్షన్లు వద్దు, మాత్రలు.

ఆ రాత్రి వంటలో ఉప్పు రెండుసార్లు పడింది. "ధ్యాస ఎక్కడ పెట్టుకుని వండుతావో," అంది అత్తగారు. ధ్యాస ఎక్కడుందో చెబితే ఆవిడ అన్నం తినేది కాదు.

మంగళవారం పొద్దున్నే లెక్కలాయన దగ్గరికి వెళ్ళింది. చదవడం పూర్తయింది కాబట్టి ఏ నంబరు ఎవరిదో ఇప్పుడు చూడొచ్చు. టైలరమ్మ నంబరు నూట యాభై రెండు. ఎనిమిదో ట్రే. ఆమె ఆ ట్రే తెచ్చుకుని బల్ల మీద పెట్టి ఒక్కో స్లైడూ తీసింది. నూట నలభై ఏడు దగ్గర వేలికి కాగితం పొట్లం తగిలింది. విప్పితే రెండు గాజుముక్కలు. అప్పుడు గుర్తొచ్చింది.

స్లైడు నూట నలభై ఏడు విరిగే వచ్చింది. కణజాలం ఉన్న చోటే నలిగిపోయి, చదవడానికి ఏమీ మిగలలేదు. పట్టికలో ఆ గడి వదిలేసి తర్వాతి గడిలోకి వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అత్తగారు. కళ్ళజోడు కనిపించడం లేదు, ఎక్కడ పెట్టి చచ్చావు అని. సొరుగులో చూడమంది, దిండు కింద చూడమంది, టీవీ మీద చూడమంది. పావుగంట. తిరిగొచ్చి నూట నలభై ఎనిమిది చూసి, ఆ స్కోరుని ఖాళీగా కనిపించిన నూట నలభై ఏడు గడిలో కొట్టింది. అక్కణ్ణుంచి ట్రే చివరిదాకా అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. నూట యాభై మూడో మనిషి స్కోరు టైలరమ్మ గడిలో పడింది. చివర నూట అరవై దగ్గర ఒక గడి మిగిలిపోతే, విరిగిన స్లైడుది ఇదేగా అనుకుని 'విరిగింది' అని రాసి ట్రే మూసేసింది.

తప్పు తనదే. ఫోన్ చేసింది అత్తగారైనా గడి తప్పింది తనే. ఆ చేతుల మీది బొబ్బలు తను పెట్టినవే. పద్నాలుగు గడులు తప్పు. వాటిని సరిచేసి చూస్తే ముగ్గురికి మందు మారిపోయింది.

లెక్కలాయన ఆమె మొహం చూసి ధైర్యం చెప్పబోయాడు. "ఇందుకేగా మేడమ్ రెండో రీడర్ ఉండేది. మీది గడి తప్పితే సార్‌ది సరిగ్గా ఉంటుందిగా. మరి ఈ తేడా నాకు అప్పుడే కనపడి ఉండాలే," అంటూ రెండో పట్టిక తెరిచాడు. తెరిచి, వేలు పెట్టి, గడి గడి కిందికి జరుపుతూ వచ్చి ఆగిపోయాడు.

రెండో రీడర్, నూట యాభై రెండు: ఒకటి. నూట అరవై: విరిగింది. నూట నలభై ఏడు: రెండు.

ఆమె ట్రేలోంచి నూట అరవయ్యో స్లైడు తీసి లెక్కలాయన ముందు పెట్టింది. నిక్షేపంలా ఉంది, ఎక్కడా చిన్న గీత కూడా లేదు. దాని పక్కన నూట నలభై ఏడో స్లైడు రెండు ముక్కలూ పెట్టింది. విరగని స్లైడు విరిగిందని రాసి, విరిగిన స్లైడుకి రెండు మార్కులు వేసిన మహానుభావుడు ఎవరో ఇద్దరికీ తెలుసు. రెండు వందల అరవైలో భర్త ఒక్క స్లైడు కూడా చూడలేదు. ఇంట్లో ఆమె కంప్యూటర్లోంచి పట్టిక తీసుకుని, అనుమానం రాకుండా అక్కడక్కడా ఒకటి పెంచి ఒకటి తగ్గించి తన పేరు పెట్టుకున్నాడు. ఆమె తప్పుని కూడా వదలకుండా ఎత్తుకుపోయాడు.

లెక్కలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, నేను ఇది చూడలేదు. మీరు ఇక్కడికి రాలేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు," అన్నాడు. ఆదర్శ దంపతుల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. ఆమె మడతపెట్టిన చొక్కాలు ఒక్కొక్కటే అందిస్తోంది, ఆయన సర్దుతున్నాడు. హాల్లో అత్తగారి టీవీ మోగుతోంది.

"నూట నలభై ఏడుకి మీరెంత వేశారు?" అని అడిగింది.

"ఏంటది?"

"స్లైడు."

"రెండొందల అరవై గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా? టై ఎక్కడ పెట్టావ్?"

"రెండు వేశారు."

"అయితే రెండే. చూసే వేసుంటా."

ఆమె బ్యాగులోంచి కాగితం పొట్లం తీసి, మంచం మీదున్న తెల్ల చొక్కా మీద విప్పింది. గాజుముక్కలు రెండూ ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యాయి. "ఇదే ఆ స్లైడు. ఇప్పుడు ఇంకోసారి చూసి చెప్పండి," అంది.

ఆయన ముందు చొక్కా వైపు చూశాడు. "గాజుపొడి అంటుకుంటుంది దానికి," అన్నాడు. తర్వాత ముక్కల వైపు చూశాడు. ఆమె నూట అరవై సంగతి చెప్పింది, గడి తప్పిన సంగతి చెప్పింది, టైలరమ్మ చేతుల సంగతి చెప్పింది. వింటున్నంతసేపూ ఆయన మొహంలో రంగు మారుతూ వచ్చింది. చివరికి మాత్రం ఊపిరి పీల్చుకున్నవాడిలా అన్నాడు.

"అంటే తప్పు చేసింది నువ్వు."

"అవును, నేనే."

"నేను నిన్ను నమ్మాను. నమ్మడం నా తప్పా? ఒక్క పని అప్పజెప్పాను నీకు. చుక్కలు లెక్కపెట్టే పని. అది కూడా చేతకాలేదు. పైగా నన్ను నిలదీస్తున్నావ్."

"నమ్మమని ఎవరూ అనలేదు మిమ్మల్ని. నమ్మకుండా చూడమన్నారు. రెండో రీడర్ పనే అది."

"గట్టిగా అరవకు," అన్నాడు, ఆమె అరవకపోయినా. తలుపు దగ్గరగా వేసి, గొంతు మెత్తగా చేసుకున్నాడు. ఆ గొంతు ఆమెకి తెలుసు. సగం రోజు ఉద్యోగానికి ఒప్పించినప్పటి గొంతు. "విను. సభ అవనీ. పేపర్ అచ్చవనీ. తర్వాత నెమ్మదిగా, అచ్చుతప్పు దొరికిందని దిద్దేద్దాం. మహా అయితే నాలుగు నెలలు. అప్పుడు ఆవిడకి కూడా మందు మార్చొచ్చు. ఈలోగా మాత్రల డోసు తగ్గిస్తా. సరేనా?"

"ఊపిరితిత్తుల్లోకి పాకిన మనిషికి నాలుగు నెలలంటే ఎంతో మీకే బాగా తెలుసు."

"గూళ్ళున్నంత మాత్రాన మందు పనిచేస్తుందని నువ్వేమన్నా రాసిస్తావా?"

"రాసివ్వను. పనిచేయకపోవచ్చు. కానీ పనిచేయదని రాసిచ్చింది మనం."

ఆయన మొహం మాడిపోయింది. "బాగా ఆలోచించుకో. ఇది బయటపడితే నాకేం కాదు. నేను నిన్ను నమ్మానంటా, అయ్యో పాపం అంటారు. పోయేది నీ పేరే."

ఆమె సొరుగు లాగి పేపర్ తీసింది. పేజీలు తిప్పింది, చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా. ఆయన ముందు పరిచింది.

"ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించండి. పోగొట్టుకుంటాను."

ఆయన పేపర్ మూసి పక్కకి నెట్టాడు. అంతలో అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. "ఏమిటా గొడవ, ఊరెళ్ళే మనిషితో? పెద్ద సభకి వెళుతుంటే నవ్వుతూ సాగనంపాల్సింది పోయి ఇంట్లో పంచాయితీ పెడతావా? ఈ మాత్రానికే ఇల్లూ ఉద్యోగమూ రెండూ మోస్తున్నానని బడాయి ఒకటి."

"అత్తయ్యా," అంది ఆమె. "ఒకరోజు ల్యాబ్‌కి ఫోన్ చేశారు, కళ్ళజోడు కనిపించడం లేదని. చివరికి ఎక్కడ దొరికింది?"

అత్తగారు తికమకపడింది. చెయ్యి దానంతటదే పైకి వెళ్ళింది. "నా నెత్తి మీదే ఉంది. అయితే ఏమిటి ఇప్పుడు?"

ఏమీ లేదంది ఆమె. గాజుముక్కలు జాగ్రత్తగా కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. మిగిలిన మూడు చొక్కాలూ ఆయనే సర్దుకున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన సొంతంగా సర్దుకున్న మొదటి సూట్‌కేసు అది. మూత పడటానికి దాని మీద కూర్చోవాల్సి వచ్చింది.

గురువారం తెల్లారి కారు వచ్చింది. గడప దాటుతూ ఆయన, "పిచ్చి పనులేమీ చేయకు. మనిద్దరం ఒకటి," అన్నాడు. కారు మలుపు తిరిగేదాకా ఆమె నిలబడలేదు.

ల్యాబ్‌కి వెళ్ళి కాగితం ముందు పెట్టుకుంది. భయం లేదనుకుంటే అబద్ధం. ఉద్యోగం పోవచ్చు, ఆ ఇంట్లో చోటు పోవచ్చు. ఇన్నేళ్ళు చదివిన స్లైడ్లన్నిటి మీదా అనుమానం రావచ్చు. భర్త అన్నది నిజమే, ఆయన్ని అయ్యో పాపం అనేవాళ్ళే ఎక్కువ ఉంటారు. అన్నీ తెలిసే రాసింది. ఎనిమిదో ట్రేలో పద్నాలుగు గడులు తప్పని రాసింది. ఎలా తప్పిందో రాసింది, ఫోన్ సంగతి రాయలేదు. ముగ్గురి మందు వెంటనే మళ్ళీ చూడమని, అందులో ఒకరి చేతులూ కాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయని రాసింది. రెండో రీడర్ స్లైడ్లు చదవలేదని, నూట నలభై ఏడో స్లైడుకి ఆయన వేసిన రెండు మార్కులే సాక్ష్యమని, స్లైడు ఇందుతో జతచేస్తున్నానని రాసింది. మొత్తం రెండు వందల అరవైనీ బయటి రీడర్ చేత మళ్ళీ చదివించే వరకు ఈ స్కోరు చూసి ఎవరికీ మందు ఆపవద్దని రాసింది. కింద సంతకం పెట్టే చోట కలం ఆగింది. 'మొదటి రీడర్' అని రాస్తే సరిపోతుంది, పట్టికలో అలాగే ఉంది. ఆమె పూర్తి పేరు రాసింది, డిగ్రీ కాగితం మీద ఉన్నట్టు, పెళ్ళికి ముందున్నట్టు. ఇంత పరిశోధనలోనూ ఆమె పేరు కనిపించే మొదటి కాగితం, తప్పు నాది అని చెప్పే ఈ కాగితమే.

మూడు ప్రతులు తీసింది. ఒకటి కమిటీకి, ఒకటి పరిశోధనల మంచిచెడ్డలు చూసే బోర్డుకి, ఒకటి ఆ సభ జరిపేవాళ్ళకి. బోర్డు కవరులో గాజుముక్కలు కూడా పెట్టి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకుంది. తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. చేతులకి గుడ్డ చుట్టుకుంది. వెనక ఇంకో ఐదారుగురు వరసలో ఉన్నారు.

ఆమె కిటికీ లోపలి నుంచి మాట్లాడలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"మొన్న ఒక పేరు అడిగారు మీరు," అంది. "ఆ మందు మీకు పనిచేయదని ఎవరు చెప్పారని. నేనే. మీ స్లైడు చూసింది నేను. మీది ఇంకొకరి గడిలో రాసి, ఇంకొకరిది మీ గడిలో రాశాను. మీకు ఆ మందు ఇచ్చి చూడాల్సింది. ఇందాకే రాసిచ్చాను, ఇవ్వాళే మళ్ళీ చూస్తారు." తర్వాత తన పూర్తి పేరు చెప్పింది.

టైలరమ్మ ఆ పేరుని ఒకసారి పైకి అనుకుంది, గుర్తుపెట్టుకోవడానికి అన్నట్టు. గుడ్డ చుట్టిన చేతుల వైపు చూసుకుంది. తర్వాత నోరు విప్పింది. "రెండు నెలలు! రెండు నెలలు నా చేతులు కాల్చావు కదే! నీ కళ్ళకేమొచ్చింది? ఒక మనిషి బతుకు నీ చేతిలో ఉందని తెలుసా నీకు? నువ్వు రాసే ఒక్క అంకె మీద ఒక ఇల్లు నిలబడి ఉందని తెలుసా? నీ పని అంత పని కదా, అంత పనిని ఇంత అలుసుగా ఎలా చేశావే?" వరసలో వాళ్ళు చూస్తున్నారు. టెక్నీషియన్లు తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. ఎవరో ఆపబోతే ఆమె వద్దని చెయ్యి ఊపింది. తల దించుకోకుండా నిలబడి చివరి మాటదాకా వింది.

చల్లటి గదిలో గొట్టంలోకి చూడ్డమన్నారు, చుక్కలు లెక్కపెట్టడమన్నారు, ఓర్పుతో సహకరించడమన్నారు. పన్నెండేళ్ళలో ఆమె పనిని పనిగా లెక్కగట్టి మాట్లాడిన మొదటి మనిషి, ఆమెని నడివరండాలో నిలబెట్టి తిడుతున్న ఈ టైలరమ్మే.